కోడలు ఏరిన పికప్పు

ఆ ఏడు ఆయుధ పూజకు సామాన్లు కడిగే పని నా మీద పడింది. అత్తకు మోకాళ్ల నొప్పి. కాన్పు తర్వాత పుట్టింటి నుంచి వచ్చాక నాకు అదే మొదటి పండగ. కొడవళ్లు, గొడ్డలి, గుంటక, నా కుట్టుమిషను, మా ఆయన మోపెడ్, అన్నీ వాకిట్లోకి చేర్చుకుని పొద్దున్నే మొదలుపెట్టాను. మధ్యలో లేచి పోయి ఉయ్యాలలో ఆశ్రిత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చేదాన్ని. ఊపిరి ఆడుతోందో లేదో అని. ఆరు నెలల పాప నిద్రపోతే నాకు భయం, నిద్రపోకపోతే ఇంకో భయం.

బోరు మోటారు స్టార్టరు డబ్బాను మాత్రం పొడి గుడ్డతో తుడిచాను. కరెంటు వస్తువుకు తడి తగలకూడదని నాకు తెలుసు. మామ గిటారు కూడా కరెంటు వస్తువేనని తోచలేదు. తీగలుంటాయి, మీటుతారు, పలుకుతుంది. అంతే అనుకున్నాను.

అది భుజానికి తగిలించుకునే గిటారు కాదు. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబడుతుంది. ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఎడమ చేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ కుడి చేత్తో మీటాలి. కింద రెండు పెడళ్లు. కాలితో తొక్కితే స్వరం సాగి పైకి పోతుంది. పెళ్లికి ముందు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టినదాన్ని కాబట్టి, నాకు అది కుట్టుమిషనుకు అక్కలాగా కనబడేది. మామ వీరప్ప పడుచు వయసులో బళ్లారి నాటకాల కంపెనీలో వాయించేవాడట. కంపెనీ మూతపడ్డాక గిటారును ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి మా ఊరి భజన మేళంలో హార్మోనియం పక్కన అదే. చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అట్లాంటిది లేదు.

తీగల కింద రేకు మూత వేసిన చిన్న పెట్టె ఒకటి ఉండేది, నల్లగా కమిలిపోయి. చింతపండు, ఉప్పు వేసి రుద్దితే వెండిలా తేలింది. తేలేసరికి ఇంకా రుద్దాను. చెంబుడు నీళ్లు గుమ్మరించి కడిగి, ఎండకు పెట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టాను. సాయంత్రం మామ వచ్చి చూశాడు. నిమ్మకాయ ఒకటి తెచ్చి పెడలు కింద పెట్టి దండం పెట్టుకున్నాడు. నచ్చిందనుకున్నాను. ఆ రాత్రి అన్నం కొంచెం ఎక్కువే తిన్నాను.

మామతో నేను మాట్లాడను. ఆ ఇంట్లో కోడళ్లు మామకు ఎదురుపడి మాట్లాడరు. అన్నానికి పిలవాలన్నా పాపను చంకనేసుకుని, "ఆశ్రీ, తాతను కాళ్లు కడుక్కోమని చెప్పు" అంటాను. పాప ఏం చెబుతుంది? వెనక నుంచి అత్త అదే మాటను గట్టిగా అంటుంది. అప్పుడు మామ లేస్తాడు. అత్త బయమ్మది ఎప్పుడూ పెద్ద గొంతే. నేను చేసే ప్రతి పనికీ విసుక్కుంటోందని, నేను మళ్లీ ఏదో తప్పు చేశానని, వంటింట్లో నా ఒళ్లు ముడుచుకుపోయేది.

చేను పనుల్లో పడి మామ ఆ తర్వాత గిటారు ముందు కూర్చోనే లేదు. కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం ఆంజనేయస్వామి గుడి దగ్గర భజన. దానికి ముందు మేళం వాళ్లు మా పందిట్లో కూడారు. హార్మోనియం ఈరన్న, డోలక్ తిప్పయ్య, తాళాలు పట్టే వాళ్లు. మామ కుర్చీలో కూర్చుని కడ్డీ అందుకున్నాడు. మీటాడు. స్పీకరు బాక్సు లోంచి చిటుక్కుమని కూడా రాలేదు.

"ఏమప్పా వీరప్పా, కరెంటు లేదా?" అన్నాడు ఈరన్న.

"ఉండాది కదన్నా, లైటు వెలుగుతానే ఉండాది" అన్నాడు మా ఆయన హనుమంతరాయుడు. వైర్లు పీకి చూశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి స్క్రూలు విప్పి ఆ రేకు మూత ఎత్తాడు. లోపల వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ చుట్ట. దాని మీద పచ్చగా చిలుము. ఒక మూల చింతపండు పీచు అంటుకుని ఉంది.

ఈరన్న ఆ పీచును రెండు వేళ్లతో తీసి అందరికీ చూపించాడు.

"ఇదేంది రాయుడూ, గిటారులో చారు కాచినారా?"

పందిరంతా నవ్వింది. నేను గడప లోపల నిలబడి ఉన్నాను. కొంగు మొహం మీదికి లాక్కున్నాను.

"వజ్రకరూరు చేన్లో వజ్రపు రాయి దొరికితే కూడా అంత తోమరప్పా" అన్నాడు తిప్పయ్య. "యమా పనిమంతురాలు మీ కోడలు."

మామ అందరి మొహాలూ చూశాడు. "ఏమి? ఏమైంది?" అన్నాడు.

"తడి తగిలి చెడిపోయిందంట!" అని అత్త లోపల నుంచే అరిచింది. "కోడలు కడిగింది కదా, దానికే!"

మామ తల తిప్పి గడప వైపు చూశాడు. నేను నేలను చూశాను. ఆయన మూతను తీసి మళ్లీ దాని చోట పెట్టి, తుండుగుడ్డ దులుపుకుని చేను వైపు వెళ్లిపోయాడు. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

"దీన్ని పికప్పంటారు" అన్నాడు మా ఆయన ఆ తర్వాత నాతో. "తీగ కదిలేది పట్టుకొని బాక్సుకు పంపించేది ఇదే. ఇది లేకుంటే గిటారు ఉత్త చెక్క."

"కొత్తది దొరకదా?"

"అనంతపురంలో చూడల్ల. దొరక్కపోతే ఈరన్న ఉరవకొండ నుంచి కీబోర్డు వాయించేటోన్ని పిలిపిస్తానంటాండాడు. అన్ని గొంతులూ అందులోనే ఉండాయంట." గిటారు మీద దుప్పటి కప్పుతూ అన్నాడు. "నాయన పొద్దు గడిచేది దాంతోనే సుమిత్రా. శెనక్కాయ పంట ఎట్లాగూ పోయె. ఇది కూడా పోతే మంచం పట్టుకుంటాడు."

ఆయన కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ తగిలింది.

పాపకు టీకా వేయించే రోజు దగ్గరపడింది. అత్తే తేల్చింది. "మీ మామతో నువ్వు కూడా పో. పాపకు సూది ఏయించుకొని, అట్లనే ఆ పికప్పో ఏందో తీసుకొని రాండి. కడిగినదానివి నువ్వే, తెచ్చేదీ నువ్వే."

"నేనెందుకత్తా? ఆయన పోతాడు కదా."

"రాయునికి శెనక్కాయ కట్టె నూర్చేది ఉండాది. మీ మామ ఒక్కడే అంత దూరం పోతే..." అని ఆగింది.

"పోతే ఏమైతాది?"

"ఏమీ కాదు. గమ్మున పో."

గిటారు కాళ్లు, పెడళ్లు ఊడదీసి, పై బల్లను దుప్పట్లో చుట్టి మామ ఒళ్లో పెట్టుకున్నాడు. నేను వెనక సీట్లో పాపతో. చెవుల్లోకి గాలి పోకుండా దానికి టోపీ, టోపీ మీద గుడ్డ. కండక్టరు మామ దగ్గరికి వచ్చి, "తాతా, యాడికి?" అన్నాడు. మామ కిటికీలోంచి బీడు చేలను చూస్తున్నాడు. "తాతా, నిన్నే!" అన్నాడు మళ్లీ. మామ కదల్లేదు. నేనే ముందుకు వంగి, "అనంతపురం, రెండు" అన్నాను.

"రాజా మాదిరి కూచున్నాడే పెద్దాయన, పలకను కూడా పలకడు" అని కండక్టరు నవ్వాడు. పక్క సీట్ల వాళ్లు నా వైపు చూశారు. నా మీద కోపంతో మామ లోకం మీదే అలిగాడనుకున్నాను. దారి పొడుగునా ఆయన మెడ వెనక ముడతలనే చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో సూది వేయగానే ఆశ్రిత గుక్క పట్టింది. మొహం నల్లబడింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. వీపు తట్టుకుంటూ బయటికి పరుగెత్తాను. మామ గోడ నీడలో గిటారు మూట పక్కన అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆయన వెనకే నిలబడ్డాను, పాప ఆ ఆవరణంతా వినపడేలా ఏడుస్తోంది. మామ తిరిగి చూడలేదు. ఏ పాపను రోజూ ఒళ్లో వేసుకుని ఆడిస్తాడో ఆ పాప వైపు. ఇంత కోపమా, పసిబిడ్డ మీద కూడానా, అనిపించి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ముందుకు వచ్చి నిలబడ్డాక ఉలిక్కిపడి లేచాడు. పాప బుగ్గ తుడిచి మూట భుజానికెత్తుకున్నాడు.

మల్లికార్జునయ్య దుకాణం పాతూరులో ఉంది. మైకుసెట్లు, హార్మోనియాలు, డోలక్‌లకు వేసే తోళ్లు. పైనంతా వేలాడదీసిన లౌడుస్పీకరు గొట్టాలు. ఆయన మామకు పాత పరిచయమే. దుప్పటి విప్పగానే, "ఓహో, ఇంకా బతికే ఉండాదా ఇది!" అన్నాడు. తర్వాత మూత ఎత్తి చూసి నొసలు చిట్లించాడు. "పసుపు వాసన వస్తాండాదే?"

నేను పాపను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"దీన్ని బాగుచేసేది కుదరదు. దీని కొలతకు సరిపోయేవి నా దగ్గర రెండే ఉండాయి. రెండూ బిగించి వినిపిస్తా, నీకు నచ్చింది తీసుకో."

"నువ్వే వాయించు. నేను వింటా" అన్నాడు మామ, ఆయన పెదవులు చూసి. స్టూలు లాక్కుని స్పీకరు బాక్సుకు ఎదురుగా కూర్చున్నాడు. దుకాణంలో ఇంకో ఇద్దరు మనుషులు, పెళ్లి బ్యాండు వాళ్లు కాబోలు, టీ తాగుతూ చూస్తున్నారు.

మల్లికార్జునయ్య మొదటి పికప్పు బిగించి, గిటారును బల్ల మీద పెట్టి, కడ్డీ జరుపుతూ మీటాడు. ఆ గొంతు వినగానే పోల్చుకున్నాను. అదే. పాతదాని గొంతే. సాయంత్రాల్లో మామ పందిట్లో వాయిస్తుంటే నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తూ విన్నది, ఆశ్రితను నిద్రపుచ్చేది, ఆ మెత్తటి గొంతే. సూది నొప్పితో మూలుగుతున్న పాప నా భుజం మీద తల వాల్చింది. ఇంక నా తప్పు తీరిపోయిందనుకున్నాను.

"ఊఁ, వాయించప్పా" అన్నాడు మామ.

మల్లికార్జునయ్య చేతులు ఆగాయి. "వాయిస్తాండా కదన్నా."

"ఆఁ ఆఁ. వాయించు, వాయించు."

ఆయన మళ్లీ మీటాడు. మామ ముందుకు వంగాడు. ఎడమ చెవి బాక్సు వైపు తిప్పాడు. చెయ్యి చాచి అరచేతిని బాక్సు చెక్క మీద ఆనించాడు. వేళ్లు ఆ చెక్క మీద మెల్లగా, చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కుంటున్నట్లు జరిగాయి. ఏమీ దొరకలేదు.

"రోంత మెల్లగా ఉండాది" అన్నాడు చివరికి.

నాకప్పుడు తెలిసింది. బస్సు, కండక్టరు, ఆసుపత్రి గోడ, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అత్త పెద్ద గొంతు కూడా. అత్త నన్ను విసుక్కోలేదు. నేను పాపను అడ్డం పెట్టుకుని గొణిగిన ప్రతి మాటనూ ఆయనకు వినిపించేలా అంటోంది. పెళ్లయి రెండేళ్లు ఆయన తిన్న కంచం కడిగాను, ఆయన పంచెలు ఉతికాను. ఆయనకు చెవులు పోతున్నాయని నాకు తెలియలేదు. మాట్లాడి ఉంటే కదా తెలిసేది. పైగా ఆ మౌనమంతా నా మీద కోపమేనని లెక్కేసుకున్నాను. అంత ముసలి మనిషి పొద్దంతా నన్ను గురించే ఆలోచిస్తుంటాడని.

మల్లికార్జునయ్య బాక్సు గుండీ తిప్పి గొంతు పెంచాడు. కీచుమని ఈల లేచింది. టీ తాగే వాళ్లు చెవులు మూసుకున్నారు.

"పెంచితే ఇట్ల ఈల ఏస్తాది. మీ ఇంట్లో బాక్సు దీనికన్నా చిన్నది కూడా" అని తగ్గించాడు. "ఉండు, రెండోది పెడతా."

రెండోది మీటగానే ఆశ్రిత ఉలిక్కిపడి ఏడుపందుకుంది. అది గిటారు గొంతు కాదు. రేకు డబ్బాలో మేకులేసి గిలకరించినట్లుంది. ఒక్కో స్వరం వెనక బరబరమని ఇంకో చప్పుడు. దారిన పోయేవాళ్లు ఇద్దరు తొంగి చూశారు.

మామ మొహం విచ్చుకుంది. నిటారుగా కూర్చున్నాడు. ఆయన కుడి చేతి వేళ్లు మోకాలి మీద వాటంతట అవే మీటడం మొదలుపెట్టాయి.

"ఇది! ఇది పలుకుతాండాది చూడు!" అన్నాడు. "దీని గొంతు గొంతప్పా!"

మల్లికార్జునయ్య నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇది పెండ్లి ఊరేగింపుల్లో వాయించేటోళ్లు కొంటారు, లారీ మీద. భజనలో దీన్ని పెట్టినారంటే పక్కన హార్మోనియం కూడా వినపడదు. మొదటిదే మీకు సరైంది. పెద్దాయనకు చెప్పు."

"నేను చెప్పలేను."

"యాల?"

"మా మామ."

"మామైతే? నోటితో చెప్పకుంటే సైగన్నా చెయ్యి తల్లీ. వినేదానికి ఆయనకు చెవులుంటే కదా!"

టీ గ్లాసు పట్టుకున్నవాడు ఫక్కుమన్నాడు. రెండోవాడు కూడా నవ్వాడు. మామ వాళ్లను చూశాడు, మల్లికార్జునయ్యను చూశాడు. మోకాలి మీద వేళ్లు ఆగిపోయాయి. ఏది చూసి వాళ్లు నవ్వుతున్నారో ఆయనకు తెలిసిపోయింది. మొహం మీద వెలుగు మెల్లగా దిగిపోయింది. నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది, నేను నవ్వకపోయినా. ఆయన సిగ్గును నేను చూస్తున్నానే, అది చాలు.

ఆయన నా వైపు తిరిగాడు.

"సుమిత్రా" అన్నాడు.

నా పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

"రెండూ బాగనే ఉండాయి కదా? నీకు యాది బాగుండాది? నువ్వు చెప్పు." ఆయన కళ్లు నా నోటి మీదే ఉన్నాయి.

నాకు మొదటిదే కావాలి. నిజం. అది తీసుకుపోతే గిటారు పాత గొంతుతో పలుకుతుంది, ఈరన్న నోరు మూతపడుతుంది, ఒక నెల పోతే చింతపండు సంగతి ఊరు మరిచిపోతుంది. కానీ మామ దాని ముందు కూర్చుని, తాను మీటిన తీగ పలికిందో లేదో అని అందరి మొహాలూ చూస్తుంటాడు. ఏదో ఒక రోజు కడ్డీ ఒక చోట, పాట ఒక చోట అవుతాయి. అప్పుడు ఉరవకొండ నుంచి కీబోర్డు వస్తుంది. రెండోది తీసుకుపోతే ఆయన వింటాడు. ఊరు నన్ను అంటుంది.

"మొదటిది" అందామని నోరు తెరిచాను. నా పెదవులతో పాటు ఆయన పెదవులు కూడా కొంచెం కదిలాయి, నేను అనబోయేదాన్ని ముందే అందుకోవాలన్నట్లు. 

"రెండోది, మామా" అన్నాను.

"ఏమి?"

"రెండోది."

"ఏమంటాండావమ్మా?"

"రెండోది! రెండోది తీసుకో మామా! అదే బాగుండాది!"

దుకాణమే కాదు, వీధి కూడా ఇటు తిరిగింది. చంకలో ఏడ్చే బిడ్డ, తల మీద కొంగు, నడి పాతూరులో మామ మొహాన అరిచే కోడలు. గాజులమ్మే ఒకావిడ బండి ఆపి మరీ చూసింది. నా చెవులు, మెడ, అన్నీ కాలిపోయాయి.

మామ తల ఊపాడు. "నేనూ అదే అనుకున్నా" అన్నాడు.

మల్లికార్జునయ్య మొదటి పికప్పును అట్టపెట్టెలో పెట్టేస్తూ, "నాకేమి తల్లీ, యాదమ్మినా ఒకటే. మీ ఊర్లో మాత్రం నా పేరు చెప్పొద్దు" అన్నాడు.

తిరుగు బస్సులో మామ నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఎప్పుడూ అట్లా కూర్చోలేదు. ఊరు దాటాక, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"దుమ్ము సుమిత్రా. నూర్చేటప్పుడు లేస్తాది చూడు, ఆ దుమ్ము. చెవుల్లో పడి రోంత మందం చేసింది. చలికాలం పోతే అదే సర్దుకుంటాది."

నేను తల ఊపాను. ఆయన చూడలేదేమోనని మళ్లీ ఊపాను.

"ఇంట్లో వాళ్లకు చెప్పి దిగులు పెట్టేది యాలకు?"

ఊపాను.

"ఈరన్న కీబోర్డోన్ని తెస్తానన్యాడు కదా" అన్నాడు మామ కొంతసేపటికి. "నాకు చెప్పలేదులే. వాని నోరు కదిలేది చూసినా."

 పాపకు ఒళ్లు వెచ్చబడింది. సూది జ్వరమే అని నర్సు ముందే చెప్పింది. అయినా నేను ఊరు చేరేదాకా దాని నుదుటి మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఇంటికి రాగానే మా ఆయన గిటారుకు కాళ్లు, పెడళ్లు బిగించి వైరు పెట్టాడు. మామ కాళ్లు కడుక్కోవడానికి వెనక్కి పోయాడు. మా ఆయన ఒక తీగ మీటి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదేం గొంతే? ఎవురు ఏరింది దీన్ని?"

"నేనే."

"నువ్వా! నాయన పక్కనే ఉండాడు కదా, నువ్వు ఏరేదేంది?"

"నన్నడిగినాడు. చెప్పినా."

"రేపే పోయి మార్చుకొని వస్తా."

"వద్దు."

"యాల వద్దు?"

"నాకు ఇదే బాగుండాది."

"చెవులు గిన పోయినాయా నీకు?" అన్నాడు ఆయన. తల కొట్టుకుంటూ పందిట్లోంచి లేచిపోయాడు. నూర్పిడి దగ్గర కూలీలు ఎదురుచూస్తున్నారు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఇంకా అడిగేవాడు.

పొయ్యి రాజేస్తుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. నేను తిట్లకు సిద్ధమయ్యాను. ఆమె నాతో అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఆయప్పకు వినపడిందా?"

"వినపడిందత్తా."

"రెండోసారి చెప్పకుండానే?"

"వినపడింది."

అత్త పుల్లలు లోపలికి తోసింది. పొగకు కళ్లు నలుపుకుంది. "ఎవురేమన్నా నోరెత్తొద్దు" అంది. నోరెత్తకపోవడం నాకు చేతనయిన పనే. అది ఎంత కష్టమో మాత్రం సోమవారం దాకా తెలియలేదు.

సోమవారం పొద్దు గూకేసరికి గుడి ముందర జనం కూడారు. వానలు లేని ఏడు భజనకు జనం ఎక్కువ వస్తారు. ఆడవాళ్లం ఒక పక్క గోడ దగ్గర నిలబడ్డాం. ఈరన్న హార్మోనియం ఎత్తుకున్నాడు, తిప్పయ్య డోలక్ అందుకున్నాడు. మామ ఉతికిన పంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, కుర్చీలో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. కడ్డీ జరిపి మీటాడు.

ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. ఈరన్న వేళ్లు మెట్ల మీద ఆడుతున్నాయి గానీ హార్మోనియం ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. పాడేవాడు గొంతు పెంచాడు, ఇంకా పెంచాడు, దగ్గొచ్చి ఆగాడు. మామ మాత్రం కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. స్వరం మీద కడ్డీ ఒక్కసారి కూడా తప్పలేదు. ముందు తప్పేదని నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు అందరం దాన్ని ఆయన పాత పద్ధతి అనుకునేవాళ్లం. ఆయన తీగను ఆయనే వింటూ వాయించి ఎన్నాళ్లయిందో.

పాట అయిపోగానే ఈరన్న చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "అప్పా, ఇది గిటారా, పిండిమరా?"

జనం నవ్వారు.

"గొంతు బంగారంలా ఉండె కదప్పా మునుపు" అంది ఎవరో ముసలమ్మ. "కోడలు నీళ్లు పోసి పాడుచేసింది కదా, దానికే ఈ గతి."

"సుమిత్రమ్మా" అని తిప్పయ్య ఇటు కేకేశాడు. "ఇంగోసారి తోమి చూడరాదా, ఈ గొంతన్నా పోతాదేమో!"

నవ్వులు గోడకు కొట్టుకుని మళ్లీ వచ్చాయి. నా పక్కన నిలబడిన ఆడవాళ్లు కూడా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. మా ఆయన మగవాళ్ల వెనక తల దించుకుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. ఒక్క మాట చాలు. ఆయనకు వినపడదు, అందుకే ఇది తెచ్చాం, అంటే చాలు, ఈ నవ్వంతా నా మీద నుంచి దిగిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. పళ్ల మధ్య నాలుకను కొరుక్కున్నాను.

మామ కళ్లు తెరిచాడు. నవ్వే మొహాలు చూశాడు. ఆయన మొహం కూడా నవ్వింది.

"మా కోడలే ఏరి తెచ్చింది!" అన్నాడు, తనకు వినపడేటంత గట్టిగా. "పాతూరు అంగట్లో రెండూ పెట్టి చూపిస్తే, ఇదే కావల్లని పట్టుబట్టింది!"

 ఇంతకుముందు కన్నా పెద్ద నవ్వు లేచింది. జనమంతా నా వైపు తిరిగారు. నేను పాపను అడ్డం పెట్టుకుని దాని టోపీ సర్దుతున్నట్లు నటించాను. అది సరిగానే ఉంది.

ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి మామ మొహంలో అనుమానం మెదిలింది. ఈరన్న వైపు చూశాడు. ఈరన్న నవ్వుతూ నోరు చేత్తో మూసుకున్నాడు. నోరు కనబడకపోతే మామకు మాట దొరకదు. తిప్పయ్య తల అటు తిప్పుకున్నాడు. మామ మనుషుల మీద నుంచి మెడ చాచి ఆడవాళ్ల వైపు వెతికి, నన్ను పట్టుకున్నాడు.

"ఏమంటాండారు సుమిత్రా?"

కోడలిని నడి భజనలో పేరు పెట్టి పిలిచాడని జనం నవ్వు ఆపి చూశారు. ఆయన కుడి చెయ్యి తీగల మీద ఆగి ఉంది. నేను చెప్పేదాన్ని బట్టి అది కదులుతుంది, లేకుంటే అక్కడే ఉండిపోతుంది.

నేను పాపను భుజం మీదికి ఎత్తుకుని, నోరు ఆయనకు బాగా కనబడేలా కొంగు పక్కకు తీశాను.

"శానా బాగుండాదంటాండారు మామా!" అని అరిచాను.

అంతమంది విన్నారు. ఎవరూ నవ్వలేదు ఈసారి. నా వెనక ఎవరో ఒకామె పక్కామెతో అంది. "చేసిందంతా చేసి, ఎట్ల అరుస్తాండాదో చూడు. సిగ్గన్నా లేదు."

మామ తల ఊపి, పెడలు మీద కాలు పెట్టి, తర్వాతి పాట ఎత్తుకున్నాడు. ఆశ్రిత ఏడుపు మొదలుపెట్టింది. దాని ఒక చెవిని నా భుజానికి అదిమి, రెండో చెవిని అరచేత్తో మూసి, పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.